రెండిళ్ల మధ్య మారిషస్ ప్రధాని కుర్చీ

మారిషస్‌లో ఇప్పుడు చలామణిలో ఉన్న చిల్లర అరచేతిలో పోసుకుంటే రూపాయి బిళ్లమీదా, పది రూపాయల బిళ్లమీదా ఒకటే ముఖం ఉంటుంది. అది దేశపు తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్‌ది. విమానం దిగేది కూడా ఆయన పేరు పెట్టిన ఎయిర్‌పోర్టులోనే. ఆయన కొడుకు నవీన్ రామ్‌గులామ్ 2024 నవంబరులో మళ్లీ ప్రధాని అయ్యారు. నవీన్ చేతిలో ఓడిన ప్రవింద్ జగన్నాథ్ కూడా మాజీ ప్రధాని అనిరుద్ధ్ జగన్నాథ్ కొడుకే. 1968 మార్చి 12న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఆ ఎన్నికల దాకా చూస్తే ప్రధానులు అయిదుగురే. వాళ్లలో నలుగురు ఈ రెండు ఇళ్లవాళ్లు.

జనం విసిగిపోయి ఒక ఇంటిని ఊడ్చేస్తారు. కొన్నేళ్లకు ఆ ఇల్లే తిరిగొస్తుంది. ఇలా ఎందుకు జరుగుతోందో తెలియాలంటే ముందు ఓటు లెక్క చూడాలి.

ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు. ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు, కాబట్టి ఓటరు ముగ్గురికి ఓటేస్తాడు. మొత్తం 60 సీట్లు, వీటికి తోడు రోడ్రిగ్స్ దీవికి రెండు. గాలి ఒకవైపు వీచిందంటే ఓటర్లు మూడు ఓట్లూ ఒకే కూటమికి గుద్దేస్తారు, అవతలి పక్షం ఊడ్చుకుపోతుంది. 1982లో, 1995లో, 2024లో ప్రధాన ద్వీపం ఫలితం 60–0. ఓడిన ప్రధానికి సొంత సీటు దక్కడం కూడా కష్టమే. 1982లో శివసాగర్, 1995లో అనిరుద్ధ్ జగన్నాథ్, 2014లో నవీన్, 2024లో ప్రవింద్ తమ తమ నియోజకవర్గాల్లోనే ఓడారు. తండ్రి శివసాగర్‌ను ఓడించిన ట్రియోలే ప్రాంతమే ముప్ఫై రెండేళ్ల తర్వాత కొడుకునీ ఓడించింది.

ఇలాంటి పద్ధతిలో ఒంటరిగా దిగి గెలవడం కష్టం కాబట్టి పొత్తు తప్పనిసరి. ఇక్కడే కథలోకి పాల్ బెరాంజే వస్తారు. ఫ్రెంచి మూలాలున్న తెల్లజాతి కుటుంబంలో పుట్టి కార్మిక నాయకుడైన మనిషి. 1969లో మిలిటెంట్ ఉద్యమ పార్టీని, అంటే ఎంఎంఎంను, స్థాపించినవాళ్లలో ఒకరు. 1971లో రేవు కార్మికుల సమ్మె తర్వాత ఎమర్జెన్సీ పెట్టి శివసాగర్ ప్రభుత్వం ఆయనను జైల్లో వేసింది. జరగాల్సిన ఎన్నికలు కూడా 1976 దాకా వాయిదాపడ్డాయి. అవి జరిగినప్పుడు అందరికంటే ఎక్కువ సీట్లు, ఓడినవాళ్లకిచ్చే అదనపు సీట్లతో కలిపి 70లో 34, ఎంఎంఎంకే వచ్చాయి. అయినా మిగిలిన పార్టీలు కలిసి శివసాగర్‌ను కుర్చీలోనే ఉంచాయి.

1982లో ఎంఎంఎం కూటమి అన్నీ గెలిచింది. ప్రధాని అయింది మాత్రం బెరాంజే కాదు, లాయరు అనిరుద్ధ్ జగన్నాథ్. బెరాంజేకి ఆర్థికశాఖ ఇచ్చారు. హిందువులు ఎక్కువగా ఉన్న దేశంలో ప్రధాని అభ్యర్థి హిందువే కావాలన్న లెక్క అప్పటికే పాతుకుపోయింది. ఏడాది తిరక్కుండానే ఇద్దరికీ చెడింది. అనిరుద్ధ్ సొంత పార్టీ పెట్టి, నిన్నమొన్న తాను ఓడించిన శివసాగర్ పార్టీతోనే చేతులు కలిపి 1983లో గెలిచారు. శివసాగర్ గవర్నర్ జనరల్ అయి, 1985 చివర్లో ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఓడిన మనిషికి దేశంలో అతి పెద్ద గౌరవ పదవి గెలిచినవాడి హయాంలోనే దక్కిందన్నమాట.

అనిరుద్ధ్ 1995 దాకా ఏకబిగిన ఏలారు. ఆ ఏడాది నవీన్‌ను గెలిపించిన కూటమిలో బెరాంజే ఉన్నారు. 1997లో నవీన్ ఆయనను మంత్రివర్గం నుంచి తీసేశారు. 2000లో బెరాంజే మళ్లీ అనిరుద్ధ్ పక్కకు వెళ్లారు. ఈసారి ముందే ఒప్పందం రాసుకున్నారు: మొదటి మూడేళ్లు అనిరుద్ధ్, తర్వాత రెండేళ్లు బెరాంజే. మన రాష్ట్రాల్లో ఇలాంటి పంపకాల సంగతి తెలిసినవాళ్లకు అది నిలుస్తుందన్న నమ్మకం కలగదు. అక్కడ నిలిచింది. 2003 సెప్టెంబరు 30న అనిరుద్ధ్ దిగిపోయి, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. హిందువు కాని తొలి ప్రధానిగా బెరాంజే 2005 జులై దాకా ఉన్నారు. ఆ రెండిళ్లకూ చెందని మనిషి ఆ కుర్చీలో గడిపిన కాలం ఆ 21 నెలలే.

మతం, సంతతి లెక్క రాజ్యాంగంలోనే ఉంది. అభ్యర్థి తన వర్గం చెప్పాలి: హిందూ, ముస్లిం, చైనా సంతతి, మిగిలినవాళ్లంతా 'జనరల్ పాపులేషన్'. ప్రాతినిధ్యం తగ్గిన వర్గాలకు ఓడినవాళ్లలోంచి ఎనిమిది మంది దాకా సీట్లు ఇస్తారు. అందుకు వాడేది ఇప్పటికీ 1972 జనాభా లెక్కలే. కోరంగి రేవు నుంచి చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీల మునిమనవలు ఈ లెక్కలో హిందూ గడిలో పడతారు. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది కానీ, తెలుగువాళ్లకు విడి గడి లేదు.

2014లో 84 ఏళ్ల అనిరుద్ధ్ మళ్లీ గెలిచారు. 2017 జనవరిలో ఎన్నిక లేకుండానే కుర్చీని కొడుకు ప్రవింద్‌కు అప్పగించారు. ప్రతిపక్షం దాన్ని తండ్రీకొడుకుల బేరం అంది. 2019లో ప్రవింద్ సొంతంగా గెలిచి ఆ నోళ్లు కొంత మూయించారు. 2024 అక్టోబరులో చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగించేందుకు బ్రిటన్ ఒప్పుకున్నప్పుడు ఇక ఆయనకు ఢోకా లేదనిపించింది. 1965లో శివసాగర్ కాలంలో 30 లక్షల పౌండ్లకు బ్రిటన్ విడదీసిన దీవులవి. కానీ ప్రచారం మధ్యలో రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణలు ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి. ప్రభుత్వం సోషల్ మీడియాను ఆపేయబోయి, గొడవ చెలరేగడంతో ఒక్కరోజులోనే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత వచ్చిందే మూడో 60–0.

ఓడాక ఏం జరుగుతుందన్నదాంట్లోనూ పోలిక ఉంది. 2015 ఫిబ్రవరిలో పోలీసులు నవీన్‌ను అరెస్టు చేశారు, ఇంట్లో భారీగా నగదు దొరికింది. 2025 ఫిబ్రవరిలో మనీ లాండరింగ్ కేసులో ప్రవింద్ వంతు వచ్చింది. ఇద్దరూ తప్పేమీ చేయలేదన్నారు.

2024 నవంబరులో నవీన్ మంత్రివర్గంలో రెండో స్థానం, ఉప ప్రధాని పదవి, 79 ఏళ్ల పాల్ బెరాంజేకి దక్కింది. 1997లో నవీన్ తీసేసింది ఆయననే.