గీత వంకరపోతే ట్యాబ్లెట్ మార్చకండి, సీసా మూత తెండి

"సార్, మా పాప గుండ్రంగా గీస్తే కోడిగుడ్డు వస్తాంది. ఇంకా పెద్ద ట్యాబ్ కొనేస్తే సరిపోతాదా?" తిరుపతిలో సరదాకి డిజిటల్ స్కెచింగ్ మొదలుపెట్టిన ఇళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. సరిపోదండీ. 50 వేలు పోతాయి, కోడిగుడ్డు మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: గీత కుదరలేదంటే పరికరం చవకది.

వాస్తవం: చాలాసార్లు తప్పు మ్యాపింగ్‌ది. పెన్ ట్యాబ్లెట్ అంటే తెర లేని పలక, దాని మీద గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. ఆ పలకని తెరకి జతచేసే లెక్కే మ్యాపింగ్. 6×4 అంగుళాల పెన్ ట్యాబ్లెట్ 3:2 నిష్పత్తిలో ఉంటుంది, మానిటర్ 16:9. డ్రైవర్ (ట్యాబ్లెట్‌ని కంప్యూటర్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) పలక మొత్తాన్నీ తెర మొత్తానికీ అతికిస్తే అడ్డం గీతలు దాదాపు 18 శాతం సాగుతాయి. తెర చూస్తూ నెమ్మదిగా గీస్తే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. గబగబా గీసినప్పుడే బండారం బయటపడుతుంది, ముఖాలకు బుగ్గలు ఉబ్బుతాయి.

నీళ్ల సీసా ప్లాస్టిక్ మూత పలక మీద పెట్టి, దాని చుట్టూ పెన్నుతో గీయండి. నాణెం వద్దు, లోహం వల్ల పెన్ను సిగ్నల్ చెడవచ్చు. తెర మీద గుండ్రంగా రాకపోతే డ్రైవర్‌లో వర్కింగ్ ఏరియాకి వెళ్లి నిష్పత్తిని తెరకు సరిపెట్టండి. 4 అంగుళాల ఎత్తులో సుమారు 3.4 మాత్రమే పనిచేస్తుంది, పోతే పోనీ. తర్వాత పలక పై అంచుకు సమాంతరంగా స్కేలు పెట్టి ఒక గీత లాగండి. అది తెర మీద అడ్డంగా వచ్చి, స్కేలు లేకుండా గీసినవి మాత్రం ఏటవాలుగా వస్తుంటే పలకను వంకరగా పెట్టుకుని కూర్చున్నారన్నమాట.

వణుకు సంగతి వేరు. జూమ్ పెంచి, మణికట్టుతో, చీమలా గీస్తే ఎవరి గీతైనా వణుకుతుంది. కొండ అంచులాంటి పొడవు గీతని మోచేతి నుంచి ఒక్క ఊపులో లాగాలి. గీత వణుకుని సరిచేసే స్టెబిలైజర్ సెట్టింగ్ కొంచెం చాలు. ఎక్కువైతే గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, మూలలు మొద్దుబారతాయి. క్రితా అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో ప్రెషర్ (పెన్ను నొక్కేకొద్దీ గీత మారడం) అసలు పలకకపోతే ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో విన్‌ట్యాబ్ నుంచి విండోస్ ఇంక్‌కి, లేదా అటు నుంచి ఇటు మార్చి (పెన్ను సిగ్నల్ చదివే రెండు పద్ధతులివి), ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. పాత కంపెనీ డ్రైవర్ తీసేయకుండా కొత్తది వేసినా ఇదే గొడవ.

డబ్బు తినే ఇంకో పుకారు: 8192 ప్రెషర్ లెవెల్స్ లేకపోతే బొమ్మ రాదట! 2048కీ దానికీ తేడా చేతికి తెలియదు. ఎంత మెల్లగా తాకితే గీత మొదలవుతుందో అది ముఖ్యం. రబ్బరు మొన స్టైలస్‌లో మాత్రం ప్రెషర్ ఉండదు, ఫోన్‌కి అది ఇంకో వేలు. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ యాపిల్ పెన్సిల్‌లోనూ లేదు. కొనేముందు పెట్టె మీద చదువుకోండి.

యాప్ కొనాలా? అక్కర్లేదు. క్రితా ఉచితం. బ్రష్ ప్యాకులా? ఒక గట్టి అంచుది, ఒక మెత్తటిది చాలు. ఫొటో మీద ట్రేస్ చేయడం పాపమా? అభ్యాసానికి కాదు, మీ సొంత గీత అని చెప్పుకోనంత వరకు.

ల్యాండ్‌స్కేప్ దగ్గర "నాకు రంగులు తెలియవు" అని దిగులుపడేవాళ్లే ఎక్కువ. రంగులు తర్వాత, ముందు వెలుగునీడలు చూడండి. చంద్రగిరి కోట నుంచి చూస్తే ఎదుటి చెట్టూ దూరపు కొండా రెండూ పచ్చనివే, కానీ మధ్యలో ఉన్న గాలి దూరపు నీడల్ని తేలిక చేసి నీలానికి తిప్పుతుంది. రెంటికీ ఒకే ముదురు ఆకుపచ్చ వేస్తే కొండ వచ్చి చెట్టు మీద కూర్చుంటుంది. నలుపు 0, తెలుపు 100 అనుకుంటే దగ్గరి చెట్టు నీడ 20, మధ్య కొండ 45, వెనకటి కొండ 65, ఆకాశం 85 దగ్గర మొదలుపెట్టండి. అన్నిటికన్నా పైన నలుపు నింపిన లేయర్ (పొర) పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ని (కింది పొరలతో కలిసే పద్ధతిని) 'కలర్'కి మార్చితే బొమ్మంతా బూడిదరంగులో కనిపిస్తుంది. అందులో చెట్టూ కొండా విడిపోకపోతే ఏ రంగు వేసినా విడిపోవు.

పోర్ట్రెయిట్‌కి సెల్ఫీని ఆధారంగా తీసుకోకండి. మూరెడు దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. 5, 6 అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయించండి. కళ్లు తల ఎత్తులో సగానికి వస్తాయి, నుదుటి మీదికి ఎక్కించొద్దు. చామనఛాయ ముఖానికి నీడ అంటే నలుపు కలపడం కాదు. చర్మపు రంగునే ముదురు చేసి ఎరుపు వైపు కొద్దిగా జరపండి, బూడిద పూసినట్టు ఉండదు.