ముందు ఎవరి ప్రశ్న?

విజయనగరం నుంచి

కవిటిలో మా వీధి పిల్లలందరికీ నర్సమ్మ మామ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. కంటి ఆపరేషనయ్యాక ఎక్కువ చదవొద్దన్నారు గానీ, ఎనిమిది మంది ఎనిమిది రకాల చేతిరాతలతో రాస్తే చదవకుండా ఎలా ఉంటాను? మన ఉద్దానం పల్లెల్ని పట్టిన కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతామని మళ్లీ ఎవరో వచ్చి వీధిలో రక్తం తీసుకెళ్లారట. "మామ్మా, మా తాతకాడి నుంచీ రగతం తీస్తనే ఉన్నారు, ఇన్నేళ్లయినా ఏటి తేల్చినారు?" అని అడిగారు. నాకూ అదే కడుపుమంట. నేను ఉద్యోగంలో ఉండగా ఒక బృందం వెంట ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించాను. రిపోర్టులు పంపిస్తామన్నారు. ఈనాటికీ రాలేదు. ఊళ్లో అడిగినవాళ్లకు మొహం చూపించుకోవలసింది మాత్రం నేను.

అయితే పిల్లలూ, దేన్ని తేల్చాలి, ఏది ముందు తేల్చాలి అన్నది కూడా ఎక్కడో ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. మీ ఇంట్లో జీడిపిక్కలమ్మిన డబ్బు చేతికొచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. మోటారు బాగుచేయించాలి, అప్పు తీర్చాలి, అక్క ఫీజు కట్టాలి. నానమ్మ కట్టెల పొయ్యి దగ్గర దగ్గుతూనే ఉంటుంది. ఆ పొగ సంగతి పద్దులోకే ఎక్కదు, పద్దు రాసేచోట నానమ్మ కూర్చోదు కాబట్టి. వైద్య పరిశోధనా అంతే. ప్రపంచంలో రోగాల బరువులో తొంభై శాతం మోసేవాళ్ల జబ్బుల మీద పరిశోధన డబ్బులో పది శాతం కూడా ఖర్చు కావడం లేదని 1990లలో పెద్దలు లెక్కగట్టారు. దానికి 10/90 తేడా అని పేరు పెట్టారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బోదకాలు పరీక్షకు రాత్రిళ్లు లాంతరు పట్టుకుని వెళ్లేవాళ్లం. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రయ్యాకే వేలికొనల దాకా రక్తంలో తిరుగుతాయి. దానికి ఇచ్చే డీఈసీ మాత్ర 1947లో బయటికొచ్చింది. ఆ పనికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో. బోదకాలు మన పూర్వీకులకీ ఉంది. మందు వెతకడం మాత్రం ఎప్పుడు ముమ్మరమైందనుకున్నారు? రెండో ప్రపంచ యుద్ధానికని పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఆ జబ్బు పట్టుకున్నాక.

మన కిడ్నీ జబ్బుకు ఇంకా దగ్గర కథ ఒకటుంది. డాన్యూబ్ నది ఉపనదుల ఒడ్డున బల్గేరియా, యుగోస్లావియా, రొమేనియా పల్లెల్లో రైతులకు కిడ్నీలు నెమ్మదిగా పాడైపోయేవి. ఒక ఊళ్లో ఉంటే పక్క ఊళ్లో ఉండదు. 1950లలోనే డాక్టర్లు దీన్ని గుర్తించి రాశారు. నీళ్లన్నారు, లోహాలన్నారు, బూజు అన్నారు, వంశం అన్నారు. వింటుంటే మన ఉద్దానం మాటల్లాగే లేవూ? 1969లో ఇవిచ్ అనే ఆయన, గోధుమ చేలో మొలిచే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలిసిపోవడమే కారణం కావచ్చన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1993లో బ్రస్సెల్స్ నగరంలో ఒళ్లు తగ్గడానికి మూలికల మందు వాడిన ఆడవాళ్లకు కిడ్నీలు పోయాయి. ఆ మూలికలోనూ అదే జాతి మొక్క విషం. అప్పుడు అందరి చూపూ అటు తిరిగింది. 2007కి పల్లెల జబ్బుకూ ఆ విషమే కారణమని గట్టి రుజువు దొరికింది. రైతు గోధుమ పిండిని చూడడానికి అరవై తొమ్మిది నుంచి రెండు వేల ఏడు దాకా పట్టింది! (మన ఈశ్వర వేరు కూడా ఆ జాతిదే. పాము కాటుకనీ మరొకటనీ ఎవరైనా తాగించబోతే వద్దనండి.)

మన దగ్గర షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పోతున్నాయి. శ్రీలంకలో అనురాధపురం వైపు, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇలాంటిదే. ఎండా, నీళ్లు తాగకుండా పనీ, మందుల పిచికారీ, నొప్పి మాత్రలూ, నేలలో నీళ్లూ, అన్నిటి మీదా అనుమానముంది. కారణం వెతకాలి, కాదనను. కానీ కారణం ఒక్కటే ప్రశ్న కాదు. మన వీధి చివర మావయ్య డయాలసిస్ నుంచి వచ్చి, "సూది నొప్పి కాదు నర్సమ్మా, ఇంటికొచ్చినాక కొబ్బరికాయ కూడా ఎత్తలేకపోతన్నాను" అనేవాడు. నేను తలూపి ఊరుకునేదాన్ని. తర్వాత తెలిసింది, చాలా దేశాల్లో డయాలసిస్ రోగులనూ డాక్టర్లనూ ఏది ముఖ్యమని అడిగితే, డాక్టర్లు ప్రాణం పోవడం, ఆసుపత్రిలో చేరడం గురించి ఎక్కువ చెప్పారట. రోగులు నీరసం గురించి, ఊరు వెళ్లి రాగలగడం గురించి, మిషను దగ్గర గడవగా మిగిలే రోజు గురించి చెప్పారు. చివరకు డయాలసిస్ పరిశోధనల్లో తప్పక కొలవాల్సిన నాలుగింటిలో నీరసాన్నీ చేర్చారు. మావయ్య మాట కొబ్బరితోట దాటి వెళ్లినట్టే నాకనిపించింది. బ్రిటన్‌లో అయితే 2004 నుంచి జేమ్స్ లిండ్ అలయన్స్ అని, రోగులూ ఇంట్లో చూసుకునేవాళ్లూ డాక్టర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ముందు పరిశోధించాల్సిన పది ప్రశ్నలు ఎంచుకుంటారు.

మనకు పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వచ్చాయి. కారణం తేలకముందే నీళ్లివ్వడం తప్పంటానా? అనను, దాహం పరిశోధన కోసం ఆగదు. కానీ ఆ నీళ్లు తాగే ఊళ్లలో జబ్బు తగ్గుతోందా లేదా అని ఏడాదేడాదీ లెక్క రాసుకోవడం కూడా పరిశోధనే. పెద్ద మిషన్లక్కర్లేదు, పేరూ రాదు, అందుకే ఎవరికీ మోజుండదు. నన్నడిగితే దాన్ని ముందు వరసలోనే పెడతాను.

ఈసారి ఎవరైనా రక్తానికొస్తే సంతకం పెట్టేముందు పెద్దవాళ్లతో అడిగించండి: ఏం తెలుసుకోవడానికి తీస్తున్నారు, ఆ ప్రశ్న ఎవరిది, రిపోర్టు ఎప్పుడిస్తారు, తెలుగులో ఇస్తారా. ఒక నోటుపుస్తకం పెట్టి వీధిలో ఇంటింటికీ తిరిగి, వాళ్లు తెలుసుకోవాలనుకునేదేంటో రాయండి. ఆడవాళ్లని విడిగా అడగండి, మగవాళ్ల ముందు నోరు విప్పరు.

మీ ఉత్తరం అడుగున, పెన్సిలుతో, వంకరటింకర అక్షరాల్లో చిన్నగుంట ఒకతి రాసింది: "మామ్మా, నాకూ వస్తాదా?" ఇవాళ దానికి ఏ డాక్టరూ గట్టిగా జవాబు చెప్పలేడు. పుస్తకం మొదటి పేజీలో ఆ ప్రశ్నే రాయించండి, దాని చేతే.

మీ
నర్సమ్మ మామ్మ