వేడిని వదిలేసిన ప్లాన్: గ్రేట్ బ్యారియర్ రీఫ్ కథ ఎక్కడ మలుపు తిరిగింది?

ఆస్ట్రేలియా తూర్పు తీరం పొడవునా ఉన్న పగడపు దిబ్బల వరుస, గ్రేట్ బ్యారియర్ రీఫ్‌ను ‘ప్రమాదంలో ఉన్న’ ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చాలా వద్దా అన్న వివాదం మళ్లీ రాజుకుంది. ఈ విషయాన్ని 2026లో తిరిగి చూస్తామని యునెస్కో వారసత్వ కమిటీ ముందే చెప్పింది. ఈలోగా 2025 ఆగస్టులో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ తన వార్షిక సర్వే లెక్కలు బయటపెట్టింది. రీఫ్ ఉత్తర భాగంలో బతికున్న పగడాల విస్తీర్ణం ఒక్క ఏడాదిలో 39.8 శాతం నుంచి 30 శాతానికి పడిపోయింది. దక్షిణాన 38.9 నుంచి 26.9కి దిగింది. ఆ సంస్థ 39 ఏళ్లుగా ఇలా కొలుస్తోంది. ఈ రెండు భాగాల్లోనూ ఒకే ఏడాదిలో ఇంత నష్టం ఎన్నడూ నమోదు కాలేదు.

పగడం అంటే ఏమిటి, రీఫ్ ఎన్ని వేల కిలోమీటర్లు, 1981లో వారసత్వ హోదా ఎలా వచ్చింది అన్నవి చాలాచోట్ల దొరుకుతాయి. వాటి జోలికి పోకుండా నేరుగా 2014 జూలైకి వెళ్దాం. నా దృష్టిలో ఇవాళ్టి గొడవకు మూలం ఆ జూలై నుంచి మరుసటి ఏడాది జూలై వరకు నడిచిన పన్నెండు నెలల్లోనే ఉంది.

2014 జూలై 17న ఆస్ట్రేలియా పార్లమెంటు కార్బన్ ధరను రద్దు చేసింది. జూలియా గిలార్డ్ ప్రభుత్వం తెచ్చి, 2012 జూలై నుంచి అమలు చేసిన చట్టం అది. పెద్ద పరిశ్రమలు వదిలే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 23 ఆస్ట్రేలియన్ డాలర్లతో మొదలైంది. దాన్ని తీసేస్తానని ఎన్నికల్లో చెప్పి గెలిచిన టోనీ అబాట్ మాట నిలబెట్టుకున్నారు. అదే నెలాఖరులో పర్యావరణ మంత్రి గ్రెగ్ హంట్ క్వీన్స్‌లాండ్‌లో అదానీ కార్మైకేల్ బొగ్గు గనికి అనుమతి ఇచ్చారు. ఏడాదికి 6 కోట్ల టన్నుల బొగ్గు తీసే ప్లాన్ అది. ఆ బొగ్గు ఓడ ఎక్కాల్సింది రీఫ్ పక్కనే ఉన్న ఆబట్ పాయింట్ రేవులో.

ఇక్కడ మన తెలుగువాళ్లు గుర్తు చేసుకోవాల్సిన పేరు ఒకటి ఉంది. కార్మైకేల్ గని ఉన్న గెలీలీ బేసిన్ అనే బొగ్గు ప్రాంతంలోనే హైదరాబాద్‌కు చెందిన జీవీకే గ్రూపు 2011లో హాన్‌కాక్ కంపెనీ నుంచి ఆల్ఫా, కెవిన్స్ కార్నర్ బొగ్గు ప్రాజెక్టులను 126 కోట్ల అమెరికన్ డాలర్ల ఒప్పందంతో తీసుకుంది. ఆబట్ పాయింట్‌లో మూడో టెర్మినల్ ఈ బొగ్గు కోసమే అనుకున్నది. ఆ గనుల్లో తవ్వకం మొదలే కాలేదు. కానీ 2014 జనవరిలో, రేవు విస్తరణకు తవ్వి తీసే 30 లక్షల ఘనపు మీటర్ల పూడికను మెరైన్ పార్కు నీళ్లలోనే పారబోయడానికి పార్కు అథారిటీ అనుమతించినప్పుడు, ఆ విస్తరణ కోరుకున్న కంపెనీల్లో అదానీతో పాటు జీవీకే కూడా ఉంది.

ఆ పూడిక మీద లేచిన కోపం చాలా పెద్దది, న్యాయమైనది కూడా. అయితే దాని వల్ల ఒక పక్క ఫలితం వచ్చింది. రీఫ్‌కు ప్రమాదం అనగానే జనం కళ్ల ముందు మెదిలేది బురద, రేవు, ఓడలు అయింది. కంటికి కనిపించని వేడి వెనక్కి పోయింది.

నిజానికి ప్రభుత్వం దగ్గర సమాచారం లేక కాదు. గ్రేట్ బ్యారియర్ రీఫ్ మెరైన్ పార్క్ అథారిటీ ఐదేళ్లకోసారి ఒక నివేదిక ఇస్తుంది. 2014 ఆగస్టులో, అంటే కార్బన్ ధర పోయిన మరుసటి నెలలోనే, వచ్చిన నివేదిక రీఫ్ భవిష్యత్తు బాగాలేదని, 2009 కంటే దిగజారిందని చెప్పింది. అన్నిటికంటే తీవ్రమైన ముప్పు వాతావరణ మార్పు అని రాసింది. ఆ మాట చెప్పింది ప్రభుత్వ సంస్థే.

అప్పటికే యునెస్కో ఒత్తిడి నడుస్తోంది. గ్లాడ్‌స్టోన్ దగ్గర కర్టిస్ దీవిలో గ్యాస్ ప్లాంట్లకు తమతో చెప్పకుండా అనుమతులిచ్చారని 2011లోనే కమిటీ ఆక్షేపించింది. 2015లో జర్మనీలోని బాన్‌లో జరిగే సమావేశంలో రీఫ్ ‘ప్రమాద’ జాబితాలోకి పోతుందేమోనన్న టెన్షన్ కాన్‌బెరాలో ఉంది. దానికి జవాబుగా 2015 మార్చిలో ‘రీఫ్ 2050’ ప్లాన్ వచ్చింది.

ఆ ప్లాన్‌లో మంచి విషయాలు లేకపోలేదు. కొత్త తవ్వకాల పూడికను మెరైన్ పార్కులో పోయకుండా నిషేధం వచ్చింది. చెరకు తోటల నుంచి, పశువుల బీళ్ల నుంచి నదుల్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరే ఎరువును, మట్టిని తగ్గించేందుకు లక్ష్యాలు పెట్టారు. పగడాలను తినే ముళ్ల కిరీటం నక్షత్ర చేపలను ఏరివేసే పని ఉంది. వాతావరణ మార్పు పెద్ద ముప్పు అని కూడా ప్లాన్ ఒప్పుకుంది. కానీ ఆ ముప్పు మీద ఏం చేస్తారంటే, దేశ వాతావరణ విధానం దాన్ని చూసుకుంటుందని వదిలేసింది. ఆ విధానంలో కార్బన్ ధర ఎనిమిది నెలల క్రితమే పోయింది. ముసాయిదా దశలోనే ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ ఈ ప్లాన్ చాలదని స్పష్టంగా చెప్పింది.

ప్లాన్ అడుగున ఉన్న నమ్మకం ఒకటే. నీళ్లు శుభ్రంగా ఉంచితే, చుట్టూ ఉన్న ఇతర ఒత్తిళ్లు తగ్గిస్తే, రీఫ్ వేడిని తట్టుకునేంత బలం తెచ్చుకుంటుందని. వినడానికి సబబుగానే ఉంటుంది. ఇంట్లో మంచి తిండి పెడితే జ్వరం తట్టుకుంటాడని అనుకోవడం లాంటిది. కమిటీ సభ్యదేశాల చుట్టూ మంత్రులు, దౌత్యవేత్తలు తిరిగి ఈ మాటే నచ్చజెప్పారు. 2015 జూలైలో బాన్‌లో కమిటీ ప్లాన్‌ను మెచ్చుకుంది. రీఫ్ ప్రమాద జాబితాలోకి వెళ్లలేదు. ప్రభుత్వం దాన్ని విజయంగా ప్రకటించింది. వచ్చే నెలలోనే 2030 నాటికి ఉద్గారాలను 2005 స్థాయి కంటే 26 నుంచి 28 శాతం తగ్గిస్తామని లక్ష్యం ప్రకటించింది.

తొమ్మిది నెలలు తిరగకుండానే ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది.

పగడానికి రంగు, తిండి రెండూ దాని కణాల్లో ఉండే సూక్ష్మమైన నాచు ఇస్తుంది. ఆ చోట మామూలు వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాల పాటు ఉంటే చాలు, పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు తెల్లబడుతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. వేడి త్వరగా తగ్గితే నాచు తిరిగి చేరి కోలుకోవచ్చు. తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. 2016 వేసవి చివర్లో పగడాల శాస్త్రవేత్త ప్రొఫెసర్ టెర్రీ హ్యూస్ బృందం విమానంలో 900కు పైగా పగడపు దిబ్బలను చూసింది. 93 శాతం దిబ్బల్లో ఎంతో కొంత బ్లీచింగ్ కనిపించింది. ఆ ఫలితాలు విద్యార్థులకు చూపించాక అందరం ఏడ్చామని ఆయన బహిరంగంగానే రాశారు.

ఎక్కువ చనిపోయినవి ఎక్కడివన్నదే అసలు విషయం. ఉత్తరాన 700 కిలోమీటర్ల మేర లోతు తక్కువ నీళ్లలోని పగడాల్లో సగటున 67 శాతం పోయాయి. అది రీఫ్‌లో అత్యంత శుభ్రమైన భాగం. చెరకు తోటలు లేవు, పెద్ద రేవులు లేవు, మనుషుల రాకపోకలు తక్కువ. నీటి శుభ్రత గానీ, చేపల వేటపై నిషేధం గానీ బ్లీచింగ్ తీవ్రతను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదని 2017లో హ్యూస్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. రీఫ్ 2050 ప్లాన్ ఏ నమ్మకం మీద నిలబడిందో, ఆ నమ్మకం అక్కడ కూలిపోయింది. అయినా ప్లాన్ దారి మారలేదు. ఈ కథలో నాకు మింగుడుపడనిది ఇదే.

అదే 2016 మే నెలలో ఇంకో విషయం బయటపడింది. వాతావరణ మార్పు వల్ల ప్రమాదంలో పడ్డ వారసత్వ ప్రదేశాల గురించి, వాటి పర్యాటకం గురించి యునెస్కో ఒక నివేదిక తెచ్చింది. అందులో గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీద రాసిన భాగం, కాకడు, టాస్మానియా అడవుల ప్రస్తావనలు అన్నీ ఆస్ట్రేలియా పర్యావరణ శాఖ అభ్యంతరంతో తొలగించారు. పర్యాటకానికి దెబ్బ, జనంలో గందరగోళం అన్నవి శాఖ చెప్పిన కారణాలు. రీఫ్ తెల్లబడి చనిపోతున్న నెలల్లోనే నివేదికలో దాని పేరు చెరిగిపోయింది.

2018లో డబ్బు వచ్చింది, చాలా డబ్బు. మాల్కమ్ టర్న్‌బుల్ ప్రభుత్వం గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఫౌండేషన్ అనే చిన్న స్వచ్ఛంద సంస్థకు 44.3 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చింది. పోటీ లేదు, టెండర్ లేదు, సంస్థ దరఖాస్తు కూడా చేయలేదు. ఆడిట్ కార్యాలయం తర్వాత ఆ పద్ధతిని తప్పుపట్టింది. నాకు పద్ధతి కంటే పద్దులే ముఖ్యం అనిపిస్తాయి. నీటి నాణ్యతకు 20.1 కోట్లు, నక్షత్ర చేపల నివారణకు 5.8 కోట్లు, వేడిని తట్టుకునే పగడాలను పెంచడం వంటి పునరుద్ధరణ పరిశోధనకు 10 కోట్లు. నీళ్లు వేడెక్కడానికి కారణమైన ఉద్గారాలను తగ్గించే పద్దు అందులో లేదు. 2015 ప్లాన్ గీసిన గీత లోపలే ఈ డబ్బంతా పోయింది.

ప్రభుత్వాల వాదన కూడా చెప్పుకోవాలి. ప్రపంచ ఉద్గారాల్లో ఆస్ట్రేలియా వాటా సుమారు ఒక శాతమేనని, ఒక్క దేశం చేసేదానితో సముద్రం చల్లబడదని అంటారు. 2017 అంచనా ప్రకారం రీఫ్ మీద 64,000 ఉద్యోగాలు ఆధారపడి ఉన్నాయి, ప్రమాద ముద్ర వేస్తే అవి దెబ్బతింటాయని అంటారు. ఇందులో నిజం లేదని అనలేం. కానీ ఆ ఒక శాతంలో ఎగుమతయ్యే బొగ్గు, గ్యాస్ కాలినప్పుడు వచ్చేది కలవదు. ప్రపంచంలో అతి పెద్ద బొగ్గు ఎగుమతి దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. కార్మైకేల్ అనుమతిపై పర్యావరణ సంస్థ కోర్టుకు వెళ్లినప్పుడు, ఆ బొగ్గు వేరే దేశంలో కాలితే రీఫ్‌కు ఎంత నష్టమో కచ్చితంగా తేల్చలేమన్న మంత్రి వాదనే 2016లో ఫెడరల్ కోర్టులో నెగ్గింది. 1999 నాటి పర్యావరణ చట్టంలో వాతావరణ ప్రభావాన్ని బట్టి ప్రాజెక్టును ఆపే నిబంధన లేదు. 2021 డిసెంబరులో కార్మైకేల్ మొదటి బొగ్గు ఎగుమతికి రేవు చేరింది.

ఆ ఏడాదే యునెస్కో ముసాయిదా మొదటిసారి వాతావరణ విధానాన్నే నేరుగా ఎత్తిచూపి రీఫ్‌ను ప్రమాద జాబితాలో పెట్టాలని సిఫార్సు చేసింది. పర్యావరణ మంత్రి సుసాన్ లే యూరప్, గల్ఫ్ దేశాలు తిరిగారు. కాన్‌బెరాలోని రాయబారులను రీఫ్ చూపించడానికి తీసుకెళ్లారు. నిర్ణయం వాయిదా పడింది. 2022 నవంబరులో యునెస్కో నిపుణుల బృందం కూడా జాబితాలో చేర్చాలనే చెప్పింది. లేబర్ ప్రభుత్వం 2030కి 43 శాతం తగ్గింపును చట్టంగా చేసింది. 2023లో రీఫ్ తీరానికి దగ్గర్లోని గనుల వ్యాపారి క్లైవ్ పామర్ తలపెట్టిన బొగ్గు గనికి పర్యావరణ మంత్రి తాన్యా ప్లిబర్‌సెక్ అనుమతి నిరాకరించారు. ఇవి నిజమైన మార్పులే. ఆ ఏడాది కూడా కమిటీ జాబితాలో చేర్చలేదు. 2024లో రీఫ్ మళ్లీ తెల్లబడింది, 2025లో మళ్లీ. 2016 నుంచి 2025 దాకా లెక్కిస్తే ఆరు సార్లు.

మధ్యలో 2022లో ఉత్తర, మధ్య భాగాల్లో పగడాల విస్తీర్ణం రికార్డు స్థాయికి చేరిందన్న వార్తను, రీఫ్‌కు ఏమీ కాలేదనడానికి చాలామంది వాడుకున్నారు. అప్పుడు పెరిగింది ఎక్కువగా ఆక్రోపోరా జాతి. తొందరగా కొమ్మలేస్తుంది, వేడికి, తుపానుకు అంతే తొందరగా పోతుంది. 2025 లెక్కల్లో పడిపోయింది కూడా ఎక్కువగా అదే.

2025 జూలైలో వచ్చిన ఒక కోర్టు తీర్పును ఇక్కడ చెప్పకుండా ఉండలేను. రీఫ్‌కు ఉత్తరపు అంచున, టోరెస్ జలసంధిలోని దీవుల పెద్దలు ఇద్దరు తమ నేల మునిగిపోతోందని కేంద్ర ప్రభుత్వం మీద కేసు వేశారు. వాళ్లు ఓడిపోయారు. వాతావరణ లక్ష్యాల విషయంలో ప్రభుత్వానికి తమను కాపాడే చట్టపరమైన బాధ్యత ఉందన్న వాదనను జడ్జి మైకేల్ విగ్నీ ఒప్పుకోలేదు. కానీ అదే తీర్పులో ఆయన ఒక వాస్తవాన్ని నమోదు చేశారు. 2015, 2020, 2021లలో ఉద్గార లక్ష్యాలు పెట్టినప్పుడు ప్రభుత్వం అందుబాటులో ఉన్న ఉత్తమ శాస్త్రాన్ని నిజంగా పట్టించుకోలేదని. 2015 లక్ష్యం అంటే బాన్‌లో గెలిచిన మరుసటి నెలలో ప్రకటించిన ఆ 26 నుంచి 28 శాతమే.

వేడెక్కడాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపే దారికి సరిపోయేలా లక్ష్యాలు పెంచమని 2024లో కమిటీ కోరింది. 2025 సెప్టెంబరు 18న ఆస్ట్రేలియా కొత్త లక్ష్యం ప్రకటించింది. 2035 నాటికి 2005 స్థాయి కంటే 62 నుంచి 70 శాతం తక్కువ. దానికి ఆరు రోజుల ముందు, పశ్చిమ తీరంలో నార్త్ వెస్ట్ షెల్ఫ్ గ్యాస్ ప్లాంటును 2070 దాకా నడపడానికి పర్యావరణ మంత్రి తుది అనుమతి ఇచ్చారు. అదే పశ్చిమ తీరంలోని నింగలూ రీఫ్ కూడా ఆ ఏడాది వేసవిలో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌తో పాటే తెల్లబడింది. ఆ ప్లాంటు నుంచి ఎగుమతయ్యే గ్యాస్ ఇతర దేశాల్లో కాలినప్పుడు వచ్చే ఉద్గారాలు ఈ 62 నుంచి 70 శాతం లెక్కలో లేవు.