సెన్సర్ నోడ్‌లలో దోష సవరణ కోడింగ్: అపోహలు - వాస్తవాలు

నేల తేమ, ఉష్ణోగ్రత వంటివి కొలిచి రేడియో ద్వారా గేట్‌వేకు, అంటే వాటి డేటాను సేకరించే కేంద్ర పరికరానికి, పంపే చిన్న నోడ్‌లను రూపొందించడం నా పని. రెండు చిన్న బ్యాటరీలతో ఏళ్ల తరబడి నడవవలసిన పరికరాలివి. వీటిలో దోష సవరణ కోడింగ్ (దారిలో చెడిన బిట్లను అందుకున్న చోటే సరిచేసుకునేలా కొన్ని అదనపు బిట్లు జోడించి పంపడం) గురించి కొత్త ఇంజనీర్లతో మాట్లాడినప్పుడల్లా నాకు ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కోడింగ్ ఉంటే ప్యాకెట్‌ను మళ్లీ పంపే అవసరం తగ్గుతుంది కాబట్టి బ్యాటరీ తప్పక ఆదా అవుతుంది.

వాస్తవం: లింకు ఎంత చెడ్డదో తెలియకుండా ఆ మాట అనకూడదు. 40 బైట్ల ప్యాకెట్, అంటే 320 బిట్లు తీసుకుందాం. వెయ్యి బిట్లకు సగటున ఒకటి చెడే లింకులో కోడింగ్ లేని ప్యాకెట్ క్షేమంగా చేరే అవకాశం సుమారు 73 శాతం. అంటే సగటున 1.38 సార్లు పంపితే సరిపోతుంది. అదే ప్యాకెట్‌కు, ఏడు బిట్లలో ఒకటి చెడితే సవరించగల 7,4 హ్యామింగ్ కోడ్ వాడితే ప్రతి 4 బిట్లకూ 3 బిట్లు అదనంగా చేరతాయి కనుక, దాదాపు అన్నీ మొదటిసారే చేరినా ఖర్చు 1.75 రెట్లవుతుంది. ఇక్కడ మళ్లీ పంపడమే చౌక. వందకు ఒక బిట్ చెడే లింకులోనైతే కోడింగ్ లేని ప్యాకెట్ చేరే అవకాశం 4 శాతానికి పడిపోయి, సగటున 25 సార్లు పంపవలసి వస్తుంది. హ్యామింగ్ కోడ్‌తో 85 శాతం ప్యాకెట్లు చేరతాయి, ఖర్చు రెండు రెట్లకు కాస్త పైన ఆగుతుంది. రేడియోను మేల్కొల్పడం, ప్రియాంబుల్ (ప్యాకెట్ వస్తోందని తెలిపే ముందస్తు సంకేతం) పంపడం, చేరిందన్న రసీదు కోసం వినడం ఈ లెక్కలో లేవు. ఆ ఖర్చు డేటా ఖర్చుకు దాదాపు సమానమైతే తప్ప మొదటి లింకులో కోడింగ్ గెలవదు.

అపోహ: కోడింగ్ లాభం (కోడింగ్ వల్ల పంపే శక్తిని ఎంత తగ్గించుకోవచ్చో ఆ కొలత) ఎన్ని డెసిబెల్‌లు ఉంటే బ్యాటరీ అంత ఆదా అవుతుంది.

వాస్తవం: సెన్సర్ నోడ్‌లలో వాడే సీసీ2420 రేడియో చిప్ 0 డీబీఎం (ఒక మిల్లీవాట్) వద్ద పంపేటప్పుడు 17.4 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. పంపే శక్తిని 25 డెసిబెల్‌లు, అంటే 300 రెట్లకు పైగా తగ్గించినా కరెంటు 8.5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే తక్కిన సర్క్యూట్లు ఎలాగూ పనిచేస్తూనే ఉంటాయి. అందుకోవడానికైతే 18.8 మిల్లీ ఆంపియర్లు, అంటే పంపడం కన్నా ఎక్కువే. అదనపు బిట్లను వినే నోడ్ కూడా ఈ మూల్యం చెల్లిస్తుంది.

అపోహ: ఎంత శక్తిమంతమైన కోడ్ అయితే అంత మేలు.

వాస్తవం: ఎన్‌కోడింగ్‌కు షిఫ్ట్ రిజిస్టర్లు, ఎక్స్‌ఓఆర్‌లు వంటి కొన్ని సరళమైన సర్క్యూట్లు చాలు, భారమంతా డీకోడింగ్‌ది. ఉదాహరణకు కాన్వల్యూషనల్ కోడ్‌లో కన్‌స్ట్రెయింట్ పొడవు (ఒక్కో అవుట్‌పుట్ బిట్ ఎన్ని డేటా బిట్లపై ఆధారపడుతుందో ఆ సంఖ్య) ఒకటి పెరిగితే, దాన్ని విప్పే విటర్బీ డీకోడర్ పరిశీలించవలసిన స్థితులు రెట్టింపవుతాయి: 7 అయితే 64, 9 అయితే 256. అందువల్ల నేను కోడ్ పేరు కన్నా ముందు, డీకోడ్ చేసేదెవరని అడుగుతాను. కరెంటు కనెక్షన్ ఉన్న గేట్‌వేకు నోడ్ నేరుగా పంపుతుంటే పెద్ద కోడ్‌కైనా వెనుకాడనవసరం లేదు. నోడ్ నుంచి నోడ్‌కు అందించుకుంటూ వెళ్లే నెట్‌వర్కులో, ప్రతి మజిలీలోనూ బ్యాటరీ నోడ్ చేత డీకోడ్ చేయించడం నాకు సమ్మతం కాదు. అక్కడ సీఆర్‌సీ (ప్యాకెట్ చెడిందో లేదో మాత్రమే చెప్పే అదనపు బిట్లు) తనిఖీ, అవసరమైతే మళ్లీ పంపడం చాలు.

అపోహ: లోరా అనే దూరశ్రేణి రేడియో పద్ధతిలో 4/5 కోడింగ్ రేటు (4 డేటా బిట్లకు మొత్తం 5 బిట్లు పంపడం) దోషాలను సవరిస్తుంది.

వాస్తవం: అదనంగా చేరే ఒక్క ప్యారిటీ (తనిఖీ) బిట్‌తో దోషం ఉందని తెలుస్తుందే గానీ ఏ బిట్ చెడిందో తెలియదు. ఒక బిట్‌ను సవరించాలంటే 4/7 లేదా 4/8 కావాలి.

అపోహ: సవరణ కోడ్ ఉన్నప్పుడు సీఆర్‌సీ దండగ.

వాస్తవం: వైఫై జోక్యం వల్ల బిట్లు ఒక్కొక్కటిగా కాక గుంపుగా చెడతాయి. ఏడింటిలో రెండు చెడితే హ్యామింగ్ డీకోడర్ మంచి బిట్‌ను కూడా మార్చేసి, తప్పుడు విలువను సరైనదిగా అందిస్తుంది. ఇంటర్‌లీవింగ్‌తో, అంటే బిట్ల క్రమం మార్చి పంపడంతో, ఆ గుంపును వేర్వేరు కోడ్ పదాలకు పంచవచ్చు. అయినా డీకోడింగ్ తరువాత 16 బిట్ల సీఆర్‌సీ చూడకుండా ఏ రీడింగునూ నేను నమ్మను.