బెదురు గుర్రం: మనవాళ్ల అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల రైడింగ్ నేర్పే చోట్ల ఉన్న గుర్రాల్లో చాలావరకు రేసుల నుంచి దిగిపోయినవే. చిన్న వయసులోనే పరుగుకు అలవాటు చేసి, కాలం చెల్లిందనుకోగానే అమ్మేస్తారు. కొన్నవాళ్లు నెల తిరక్కుండా నాకు ఫోన్ చేస్తారు. అందరిదీ ఒకటే మాట: "నిన్నటిదాకా బాగానే ఉందన్నా, ఇవాళ అదే మూల దగ్గర ఎగిరి పక్కకు దూకింది, దీన్ని నమ్మలేం." ఈ 'నమ్మలేం' అన్న మాట దగ్గరే నాకు పేచీ.

అపోహ: రోజూ చూసే డ్రమ్ముకే బెదిరిందంటే అది నాటకం.

వాస్తవం: మనం చూసే డ్రమ్ము, అది చూసే డ్రమ్ము ఒకటి కాదు. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూరా కనిపిస్తుంది, కానీ నుదుటికి ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం అసలు కనపడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఎండలోంచి చీకటి షెడ్డులోకి వస్తే కళ్లు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది, మనవాళ్లు ఆ గుమ్మం దగ్గరే తొందరపెడతారు. ఇక "ఎడమ కన్ను చూసింది కుడి కంటికి తెలియదు" అని పాతకాలం శిక్షకులు చెప్పేవారు, నేనూ చాలా ఏళ్లు నమ్మాను. అది తప్పు, మెదడు రెండు సగాలకూ కబురు అందుతుంది. మరి వెళ్లేటప్పుడు ఊరుకున్నది వచ్చేటప్పుడు ఎందుకు బెదురుతుంది? అమెరికాలో 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో, పిల్లలు ఆడుకునే పెద్ద ప్లాస్టిక్ బొమ్మ పక్కనుంచి గుర్రాలను అలవాటయ్యేదాకా నడిపించి, తర్వాత దాన్ని 90 డిగ్రీలు తిప్పి పెట్టారు. అవి దాన్ని కొత్త వస్తువులాగే చూశాయి. అంటే మీ గుర్రానికి ఆ డ్రమ్మును నాలుగు వైపుల నుంచీ విడివిడిగా పరిచయం చేయాలి.

అపోహ: సుడి మంచిది కాదు, అందుకే బెదురుతోంది.

వాస్తవం: సుళ్లు లెక్కపెట్టే తీరిక ఉంటే ముందు పళ్లు చూపించండి. గుర్రం పళ్లు ఏళ్ల తరబడి బయటికి వస్తూనే ఉంటాయి, నములుతుంటే అరుగుతూ ఉంటాయి, అరగని చోట అంచులు కత్తిలా తయారవుతాయి. నా దగ్గరకు వచ్చిన ఒక ఆడగుర్రం కుడివైపు తిప్పితే చాలు తల ఎగరేసి పక్కకు దూకేది. గోడ మీద పిల్లికి బెదురుతోందని అందరం అనుకున్నాం. నేను కూడా మూడు వారాలు ఆ పిల్లి గొడవలోనే పడి ఉన్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. డాక్టరు వచ్చి నోరు తెరిపించి చూస్తే కుడి దవడ లోపల పుండు. కళ్లెం లాగినప్పుడల్లా చర్మం ఆ పంటికి ఒరుసుకునేది. పళ్లు అరగదీయించి, పది రోజులు కళ్లెం లేకుండా చేత్తో నడిపించాక పిల్లితో దానికి ఏ పేచీ లేకుండా పోయింది. పళ్ల తర్వాత జీను, వీపు, కళ్లు, కడుపు. రాత్రంతా మేత లేకుండా ఉంచితే కడుపులో పుండ్లు పడతాయి, ఎందుకంటే గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఎక్కే ముందు నాలుగు గుప్పిళ్లు గడ్డి తిననివ్వండి, ఖాళీ కడుపుతో పరుగెత్తించకండి.

అపోహ: భయపడే వస్తువునే మీదికి తెచ్చి కట్టేస్తే భయం పోతుంది.

వాస్తవం: టార్పాలిన్ ఒంటికి చుట్టి స్తంభానికి కట్టేస్తే కాసేపు పెనుగులాడి నిలబడిపోతుంది. చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. అది అలవాటు పడటం కాదు, ఇక లాభం లేదని చేతులెత్తేయడం. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మధ్య రాయిలా నిలబడే గుర్రాలన్నీ ధైర్యవంతులని కూడా అనుకోకండి.

నేను చేసేది ఇంతే. టార్పాలిన్‌ను దూరంగా పెడతాను. గుర్రం చెవులు నిక్కించి చూసినా కాళ్లు కదపని దూరం ఏదో, అక్కడ ఆగుతాను. అది తల దించి, నోరు చప్పరించి, ఊపిరి వదిలాక వెనక్కి తిప్పి తీసుకెళ్లిపోతాను. అది పారిపోయే లోపలే మనం వెళ్లిపోవాలి, కిటుకంతా ఇక్కడే ఉంది. బెదిరి దూకిన క్షణంలో వస్తువును తీసేస్తే, దూకితే పోతుందని నేర్పినట్టే. ఇంకొకటి: సైసును, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషిని, టార్పాలిన్ ఈడ్చుకుంటూ ముందు నడవమని, గుర్రాన్ని దాని వెనకాల నడిపించండి. తన నుంచి దూరంగా పోయే వస్తువు అంటే గుర్రానికి కుతూహలం, కాసేపటికి అదే ముక్కు చాపుతుంది.

అపోహ: గట్టిగా పట్టుకుంటే అదుపులో ఉంటుంది.

వాస్తవం: స్వీడన్‌లో 2009లో వచ్చిన ప్రయోగం ఒకటుంది. ఒకే దారిలో నాలుగుసార్లు వెళ్లమని, నాలుగోసారి గొడుగు తెరుస్తామని మనుషులకు చెప్పారు. గొడుగు తెరవనే లేదు. కానీ మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది. మూల వస్తోందని పగ్గాలు బిగించి, ఊపిరి బిగబట్టి, కళ్లు దాని మీదే పెడితే, అక్కడ ఏదో ఉందని మీరే చెప్పినట్టు. నా దగ్గర నేర్చుకునేవాళ్లను ఆ మూల దగ్గర పాట పాడమంటాను. గొంతు బాగోలేకపోయినా పరవాలేదు, పాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి వల్లా కాదు.

ఇక కొరడా సంగతి. బెదిరినప్పుడు కొడితే ఆ మూల దగ్గర నిజంగానే దెబ్బ పడుతుందని దానికి రుజువైపోతుంది. అంతకు మించి చెప్పడానికేం లేదు.

'ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు బాగుండదు' అనేవాళ్లను ముందు ఒక నోట్‌బుక్ కొనమంటాను. ఏ రోజు, ఏ పూట, ఎవరు ఎక్కారు, ఏం తింది, గాలి ఉందా, పక్కన పని జరుగుతోందా, బెదిరిందా లేదా. మొన్న ఒకాయన ఆరు వారాలు రాసి తెచ్చాడు. వేళ్లు పెట్టి లెక్కిస్తే గొడవ చేసినవన్నీ సోమవారాలే. ఆదివారం సైసుకు సెలవు, గుర్రం రోజంతా కొట్టంలోనే, ఉలవలు ఓట్సు మాత్రం రోజూ పెట్టినంతే. దాణా సగానికి తగ్గించి గడ్డి పెంచమని, ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు గంటసేపు బయట నడిపించమని చెప్పి పంపాను.