మూడో భాగంలోకి దూరిన విలన్

భీమవరంలోనైనా అమలాపురంలోనైనా నలుగురు సినిమా పిచ్చివాళ్లు కూడి పాత స్పైడర్‌మ్యాన్ సినిమాల మాట ఎత్తితే తీర్పు ఒకటే వినిపిస్తుంది: మొదటి రెండూ బంగారం, మూడోది చెడగొట్టారు. 2007 వేసవిలో, దాళ్వా కోతలు అయిపోయి బడులకు సెలవులిచ్చిన రోజుల్లో, ఆ మూడోది తెలుగు మాటలతో వచ్చింది. ఆ ఏడాది దాన్ని భోజ్‌పురిలోకి కూడా డబ్బింగ్ చేశారు. డబ్బు లెక్కల్లో అయితే అది చెడిందేమీ లేదు. మొదటిది ప్రపంచమంతటా సుమారు 82 కోట్ల డాలర్లు, రెండోది 78 కోట్ల పైచిలుకు తెస్తే, మూడోది 89 కోట్ల దాకా లాగింది. కాబట్టి గొడవ వసూళ్ల గురించి కాదు, కథ ఎవరి చేతిలో ఉందన్న దాని గురించి.

ఈ కథకు హక్కుల పేచీ కొత్త కాదు. 1985లో కానన్ అనే చిన్న కంపెనీ సినిమా హక్కులు కొంది. తర్వాత అవి చేతులు మారుతూ, కోర్టుల్లో నలుగుతూ, చివరికి 1999లో సోనీ దగ్గర తేలాయి. సోనీ పిలిచిన దర్శకుడు శామ్ రైమీ. అప్పటిదాకా ఆయనకు పేరు తెచ్చినవి తక్కువ ఖర్చుతో తీసిన దెయ్యాల సినిమాలు.

రైమీ 1959లో పుట్టాడు. చిన్నతనంలో చదివినవి అరవైల నాటి కామిక్స్. స్పైడర్‌మ్యాన్ పుట్టింది 1962లో. అతని విలన్లలో డాక్టర్ ఆక్టోపస్, ఒళ్లంతా ఇసుకగా మారే శాండ్‌మ్యాన్, వల్చర్ 1963 నాటివాళ్లు, గ్రీన్ గాబ్లిన్ 1964 నాటివాడు. ఈ తేదీలు గుర్తుంచుకుంటే తర్వాతి తగువు సులువుగా అర్థమవుతుంది. 2002లో వచ్చిన మొదటి సినిమాకు గాబ్లిన్‌ను, 2004లో వచ్చిన రెండోదానికి ఆక్టోపస్‌ను తీసుకున్నాడు. రెండూ తనకు బాగా తెలిసిన ప్రపంచం నుంచి వచ్చినవే.

రెండో సినిమా మన ప్రాంతంలో అంతగా నచ్చడానికి కారణం గ్రాఫిక్స్ ఒక్కటే అనుకోను, వాటికి ఆస్కార్ వచ్చిన మాట నిజమే అయినా. గ్రాఫిక్స్ మహిమ ఇక్కడివాళ్లకు అప్పటికే తెలుసు. పాలకొల్లులో పుట్టిన కోడి రామకృష్ణ 1995లోనే ‘అమ్మోరు’తో ఆ రుచి చూపించాడు. రెండో స్పైడర్‌మ్యాన్‌లో ఉన్నది ఇంటి బాధ. స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న కుర్రాడు పీటర్ పిజ్జా ఆలస్యంగా అందించి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, గది అద్దె బాకీ పడతాడు. అతన్ని పెంచిన మే అత్త బ్యాంకుకు వెళితే అప్పు పుట్టదు, ఇల్లు వదలాల్సి వస్తుంది. పంట చేతికొచ్చేలోగా వడ్డీ లెక్కలు వేసుకునే ఇళ్లలో ఆ బ్యాంకు సన్నివేశానికి వివరణ అక్కర్లేదు. విలన్ వేరే లోకం నుంచి ఊడిపడడు, పీటర్ గౌరవించే శాస్త్రవేత్తే దారి తప్పుతాడు. రైలు ఆపి స్పృహ తప్పిన కుర్రాణ్ని ప్రయాణికులు చేతుల మీదుగా లోపలికి చేర్చే ఘట్టం పండిందంటే, అప్పటిదాకా అతని పేదరికం మనకు తెలుసు గనుకనే.

మూడోదానికి రైమీ అనుకున్న కథ క్షమాపణ గురించి. శాండ్‌మ్యాన్, అతనికి తోడుగా వల్చర్. నిర్మాతల్లో ఒకరైన అవీ అరాద్ మాత్రం వెనమ్ అనే విలన్ కావాలని పట్టుబట్టాడు, కుర్రకారు అడుగుతున్నది వాణ్నే అన్నాడు. వెనమ్ కామిక్స్‌లోకి వచ్చింది 1988లో. రైమీకి వాడి మీద మమకారం లేదు, ఆ సంగతి దాచుకోనూ లేదు. వల్చర్ పోయాడు, వెనమ్ దూరాడు. పీటర్ స్కూటరుకు కాస్త దూరంలో ఉల్క రాలుతుంది, అందులోంచి వెనమ్‌కు మూలమైన నల్లటి జిగురు పాకుతూ వచ్చి అతన్ని పట్టుకుంటుంది. మొదటి రెండు సినిమాల్లో కష్టం మనిషి లోపల నుంచో, ఇంటి నుంచో వచ్చేది. ఇక్కడ ఆకాశం నుంచి వచ్చి పడింది. పైగా ఆ వెనమ్ పూర్తి రూపంతో కనిపించేది కథ చివరి అంకంలో.

కామిక్స్‌లో పీటర్ ప్రేమించిన అమ్మాయి గ్వెన్ స్టేసీ సంగతీ అంతే. 1973లో ఆమె వంతెన దగ్గర చనిపోయే ఘట్టం నీడను రైమీ మొదటి సినిమాలోనే హీరోయిన్ మేరీ జేన్‌కు వాడేసుకున్నాడు. మూడోదాంట్లో గ్వెన్‌ను తెచ్చేసరికి ఆమె చేయడానికి పనేమీ మిగల్లేదు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మే అత్త భర్త బెన్ మామ హత్య. పీటర్ వదిలేసిన దొంగే మామను చంపాడన్నది మొదటి సినిమాకు పునాది. మూడోది వచ్చి, తుపాకీ పేల్చింది శాండ్‌మ్యాన్ అంటుంది. క్షమించడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి పునాది రాయినే పీకారు.

అయినా ఇసుక కుప్పలోంచి శాండ్‌మ్యాన్ లేచే దృశ్యం మూడు సినిమాల్లోకీ గొప్పదని వాదిస్తాను. ఒక్క మాట లేదు. రేణువులు కూడుకుని చెయ్యి అవుతాయి, కూతురి బొమ్మ ఉన్న లాకెట్‌ను అందుకోబోతే విడిపోతాయి, మళ్లీ కూడుకుంటాయి. రైమీని తన దారిన వదిలి ఉంటే సినిమా అంతా అలాగే ఉండేదేమో.

నాలుగో భాగం 2011 మేలో రావాల్సింది. అందులో రైమీ మళ్లీ వల్చర్‌నే తెచ్చుకున్నాడు, ఆ పాత్రకు జాన్ మాల్కోవిచ్‌ను అనుకున్నారు. స్క్రిప్టు తృప్తిగా కుదరక 2010 జనవరిలో ఆయన తప్పుకున్నాడు. సోనీ 2012లో కొత్త నటుడితో, కొత్త దర్శకుడితో కథను మొదటి నుంచీ మొదలుపెట్టింది. వల్చర్ తెర మీదికి 2017లో వచ్చాడు, వేరే దర్శకుడి సినిమాలో, మైకేల్ కీటన్ రూపంలో.