పన్నెండు వాయిద్యాల మీద ఒక గుసగుస

1930ల నాటి ఇంగ్లిషు డాన్స్ బ్యాండ్ రికార్డులు విన్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది: వెనక ట్రంపెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్ములు మోగుతుంటే ఆల్ బౌలీ లాంటి గాయకుడు గొంతు పెంచకుండా, మన పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఎలా వినిపిస్తాడు? అప్పట్లో వేరువేరు ట్రాకులు లేవు, తర్వాత సరిదిద్దుకునే వీలూ లేదు. అందరూ ఒకే గదిలో, ఒకేసారి, నేరుగా మైనపు పళ్ళెం మీదికి వాయించాలి. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటి నుంచి.

జవాబంతా దూరంలో ఉంది.

రాత్రి చెవి దగ్గర దోమ చేసే మోత, వీధి చివర మోగే పెళ్ళి బ్యాండును మింగేస్తుంది. దోమకు బలం ఎక్కువై కాదు, దూరం తక్కువై. ధ్వని పీడనం దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. దూరం సగమైతే పీడనం రెట్టింపు, ధ్వని తీవ్రత నాలుగు రెట్లు; ధ్వని బలాన్ని కొలిచే డెసిబెల్స్‌లో చెప్తే 6 డెసిబెల్స్ లాభం. దూరం పదో వంతు అయితే లాభం 20 డెసిబెల్స్. మన పాఠాల్లో విలోమ వర్గ నియమాన్ని దీపంతో చెప్పి వదిలేస్తారు. తరగతిలో ఒక మైకు పెట్టి పిల్లల్ని దగ్గరికీ దూరానికీ జరిపి మాట్లాడిస్తే జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు స్టూడియోలోకి వెళ్దాం. గాయకుడి మెత్తని గొంతు మీటరు దూరంలో 60 డెసిబెల్స్ అనుకుందాం, ట్రంపెట్ 86. మామూలుగా అయితే గాయకుడి పని అయిపోయినట్టే. అతన్ని మైకుకు 10 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే 60 కాస్తా 80 అవుతుంది. ట్రంపెట్‌ను 4 మీటర్ల వెనక్కి పంపితే 86 కాస్తా 74కు దిగుతుంది. ఎవరూ గొంతు చించుకోకుండానే పాట 6 డెసిబెల్స్ పైకొచ్చింది. ట్రంపెట్ నోటికి మ్యూట్, అంటే మోత తగ్గించే మూత, బిగిస్తే ఇంకా హాయి. ఆ బ్యాండ్ల అమరికలో పాడేచోట ఇత్తడి వాయిద్యాలు మ్యూట్లతో మెల్లగా పలకడానికి ఇదీ ఒక కారణం.

అయితే ఈ లెక్క బోసి గదిలో పనిచేయదు. గట్టి గోడల మధ్య కొంత దూరం దాటాక నేరుగా వచ్చే ధ్వని కంటే గోడల నుంచి తిరిగొచ్చేదే ఎక్కువ. ఆపైన ఎంత వెనక్కి జరిపినా ట్రంపెట్ తగ్గదు. అందుకే గోడలకు మందపు తెరలు. ఇంకో చిక్కు: 10 సెంటీమీటర్ల దగ్గర పాడేవాడు ఇంకో 10 వెనక్కి జరిగితే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. మీటరు దూరంలో ఉన్నవాడు అంతే జరిగితే ఒక డెసిబెల్ కూడా తగ్గదు. క్రూనర్, అంటే మైకు దగ్గర మెత్తగా పాడే గాయకుడు, పాడినంతసేపూ తల నిలకడగా పెట్టాలి, ప, బ లాంటి అక్షరాల గాలి మైకుకు నేరుగా తగలకుండా నోరు కాస్త పక్కకు తిప్పాలి. ఇది అక్షరాలా విద్య. మైకు వచ్చాక గొంతులేనివాళ్ళు గాయకులైపోయారన్న మాట వట్టి అన్యాయం.

1925కు ముందు ఇదేదీ సాధ్యం కాదు. అప్పుడు బూర ముందు పాడాలి, ఆ ధ్వని బలమే సూదిని కదిలించి మైనాన్ని కోయాలి. ఆ బూరకు సుమారు 200 నుంచి 2,500 హెర్ట్జ్ దాకానే బాగా అందేది. మగగొంతు మూలస్వరం 100, 200 మధ్య ఉంటుంది. మెత్తగా పాడినప్పుడు శక్తిలో ఎక్కువ భాగం అక్కడే, అంటే బూర వినని చోటే. గట్టిగా పాడితే 2,000, 3,000 హెర్ట్జ్ దగ్గర శక్తి పెరుగుతుంది. అక్కడ చెవి బాగా చురుకు. మైకులు లేని రోజుల్లో మన పద్యనాటకాల నటులు ఎత్తు శ్రుతిలో రాగం తీసి చివరి వరసకు వినిపించింది ఈ శక్తితోనే. 1925లో మైకు, ఆంప్లిఫయర్‌తో రికార్డు చేసే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ పద్ధతిని విక్టర్, కొలంబియా కంపెనీలు చేపట్టాయి. పరిధి దాదాపు 100 నుంచి 5,000 హెర్ట్జ్‌కు పెరిగింది. గొంతులోని నిండుతనం, పెదవుల మీది ఊపిరి రెండూ రికార్డుకెక్కాయి.

1930ల మొదట్లో ఆర్‌సీఏ రిబ్బన్ మైకు వచ్చాక దగ్గరితనానికి మరో బహుమతి దొరికింది. ఇది పీడనాన్ని కాకుండా లోపలి రిబ్బన్, అంటే పల్చని లోహపు రేకు, ముందువెనకల మధ్య పీడన తేడాను పట్టుకుంటుంది. దగ్గరి ధ్వనిలో ఆ తేడా మంద్రస్వరాలకు విపరీతంగా పెరుగుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర లెక్కిస్తే మీటరు దూరంలో 1 డెసిబెల్, 30 సెంటీమీటర్లలో 6, 10 సెంటీమీటర్లలో దాదాపు 15 డెసిబెల్స్ అదనం. పైగా ఈ మైకు పక్కల నుంచి దాదాపు ఏమీ వినదు; డ్రమ్ములను ఆ పక్కన కూర్చోబెడితే సరి. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ మంద్రస్వరంలోని మార్దవం మన సినిమా పాటలో నిలబడిందంటే, గొంతుతో పాటు మైకు దగ్గరితనానికీ అందులో వాటా ఉంది.

ఆల్ బౌలీ 1926లో కలకత్తా గ్రాండ్ హోటల్ బ్యాండులో వాయించాడు. తర్వాత లండన్‌లో అతని పాటలను మైనపు మూలం నుంచి అచ్చువేసి అమ్మిన పళ్ళేల్లోని లక్కకూ మన దేశమే పెద్ద ఆధారం. లక్కతో చేసినవి కాబట్టి ఆ పళ్ళేలను స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క డిటర్జెంట్ చాలు. ఎల్పీ సూది పెట్టకూడదు: దాని మొన వ్యాసార్ధం 18 మైక్రాన్లే, గాడి అడుగుకు దిగి చెత్తనంతా వినిపిస్తుంది. 75 మైక్రాన్ల సూది కావాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు ఆంప్లిఫయర్‌లో జరుగుతుంది. రికార్డు ప్లేయర్‌ను తగిలించే ఇప్పటి ఫోనో ఇన్‌పుట్, పై స్వరాలను తగ్గించి మంద్రాన్ని పెంచే 1950ల నాటి ఆర్‌ఐఏఏ ప్రమాణపు వంపు ప్రకారం 5,000 హెర్ట్జ్‌ను 8 డెసిబెల్స్ కోస్తుంది. ఈ పాత రికార్డులకు ఆ కోత అక్కర్లేదు. అదే వంపు 100 హెర్ట్జ్‌ను అవసరమైన దానికంటే మరో 5 డెసిబెల్స్ ఎత్తుతుంది. గొంతు మందంగా, ఊపిరి వినపడకుండా వస్తే పాత రికార్డింగు ఇంతేలే అనుకుంటాం. ఆ కోత తీసేసి, మంద్రం పెంపును 250 హెర్ట్జ్ దగ్గర మొదలయ్యేలా మార్చి, రెండు చానెళ్ళను కలిపి మోనో చేసి వినండి. మాటకూ మాటకూ మధ్య బౌలీ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది.